కుట్టులేని జడల అంగీ

ఆకాశానికి వెండి పూత పూద్దామని వచ్చిన కంసాలి పని సగంలో వదిలేసి పోయాడా అన్నట్టు, పాలసముద్రం పొంగి పొంగి ఆ పొంగు మీదే గడ్డకట్టుకుపోయిందా అన్నట్టు, శిఖరం వెనక శిఖరంగా మెరిసిపోయే హిమకూట పర్వతాల నడినెత్తిన ఒక గుహ ఉంది. ద్వారానికి అటూ ఇటూ స్ఫటిక స్తంభాల్లాంటి మంచుకడ్డీలు, గోడల నిండా రత్నాలు చల్లినట్టు మంచుపలుకులు, అడుగు వేస్తే వీణ తీగ మీటినట్టు సన్నని ధ్వని. దేవతలు విహారానికి వచ్చి విడిది చేయవలసిన చోటు. విడిది చేసింది మాత్రం కంపదంష్ట్రుడనే మాంత్రికుడు. వాడు పొద్దస్తమానం ముక్కు చీదుతూ, పళ్లు టకటకలాడించుకుంటూ పొయ్యి ముందు ముడుచుకు కూర్చుని ఉండేవాడు.

ఆ చలి ఎవరో పెట్టిన శాపం కాదు, వాడి తెలివితేటల ఫలం. చావు రాకుండా చేసుకోవాలని వాడు తన ఒంటి వేడినంతా మంత్రంతో బయటికి లాగి, పగడపు భరిణలో పెట్టి, ఎవరికీ తెలియని చోట దాచాడు. ఆ భరిణ వెచ్చగా ఉన్నంతకాలం వాడికి చావు లేదు, వాడి మంత్రాలకు విరుగుడూ లేదు. అయితే వేడి ఒంట్లోంచి పోయిన క్షణం నుంచీ వణుకు పట్టుకుంది. కంబళి కప్పుకుంటే సందుల్లోంచి గాలి దూరేది. అంగీ తొడుక్కుంటే చిరిగిపోయేది. ఎందుకంటే వాడికి కోపం వచ్చినప్పుడల్లా ఒళ్లు తాటిచెట్టంత పెరిగేది. కోపం ఎప్పుడెప్పుడు వచ్చేదంటారా, తుమ్మినప్పుడు వచ్చేది, తుమ్ము రానప్పుడూ వచ్చేది. ఒళ్లు పెరగగానే అంగీ కుట్ల దగ్గర పర్రుమనేది. అంగీ కుట్టిన దర్జీ వంక వాడు ఎర్రగా చూసి, రెండు చేతులూ చాచి గాలిలో సుడి తిప్పి మంత్రం చదివితే, నిలుచున్న దర్జీ నిలుచున్నట్టే గొర్రె అయిపోయేవాడు. గుహ ముందు మంచులో తిరిగే మంద మొత్తం ఒకప్పుడు కత్తెర పట్టిన మనుషులే.

ఇలా ఉండగా, పక్కనున్న చలిమల రాజ్యంలో అసలు కుట్టే లేని అంగీ అల్లుతారని వాడి చెవిన పడింది. మెడ దగ్గర మొదలుపెట్టి, భుజాలూ ఛాతీ నడుమూ గుండ్రంగా చుట్టి వచ్చేట్టు, ఒకే దారంతో కిందికి అల్లుకుంటూ పోతారట. ఎక్కడా అతుకు ఉండదు, కనక ఎక్కడా చిరగదు. ఆ విద్యలో అందరినీ మించినది ఆ దేశపు మహారాణి ధవళాంబ. మాంత్రికుడు తన వాహనమైన రాకాసి గుడ్లగూబను పంపి, ఆమెను అంతఃపురం మేడ మీంచి ఎత్తుకురమ్మన్నాడు. మహారాణి గుహలో కాలు పెట్టీ పెట్టగానే, తాను కట్టుకున్నవాడికీ కన్నకూతురికీ తప్ప ఎవరికీ సూది పట్టలేదనీ, ముక్కు కారేవాడికి పట్టే ప్రసక్తే లేదనీ చెప్పింది. మరుక్షణం గొర్రె అయింది. కానీ ఆ మంత్రం ఆమె ఒంటిని మార్చగలిగింది గానీ నోటిని ఏమీ చేయలేకపోయింది. తక్కిన గొర్రెలు మే అనేవి. ఈ గొర్రె మాట్లాడేది, అదీ ఆపకుండా. ఆ మాటలు పడలేకే మాంత్రికుడు రెండు చెవుల్లోనూ దూది కుక్కుకున్నాడు. అడిగినవాళ్లకు మాత్రం చలి కోసమని చెప్పేవాడు.

ఇప్పుడు ఆ గుహ ముందుకు నడుం వంగిన ముసలి అల్లికవాడు ఒకడు వచ్చి నిలబడ్డాడు. తలకు పాగా, చేతిలో ఎముక సూదుల కట్ట, నడికట్టులో కదురు, నాభి దాకా వేలాడే తెల్లని గడ్డం. ఆ గడ్డం వెనక ఉన్నది తాళవనం యువరాజు జయంధరుడు. తాళవనం ఎంత ఉక్క దేశమంటే, అక్కడ రాజు మొదలు పశులకాపరి వరకు పెళ్లిరోజున తప్ప పైబట్ట వేసుకోరు. వేసుకున్నా తాళి కట్టగానే తీసి విసురుకుంటారు. అలాంటి దేశపువాడు చలిమల యువరాణి తుషారవల్లిని ప్రేమించి, పిల్లనివ్వమని అడగడానికి వెళ్లాడు. ధవళాంబ అతన్ని పైనుంచి కిందికి చూసి, సూది పట్టడం రాని మగవాడికి మా దేశంలో గొర్రెనైనా అప్పగించరని చెప్పి పంపేసింది. ఆ వెనువెంటనే ఆమే గొర్రె అయింది. ఆమెను మనిషి రూపంతో తీసుకువస్తానని జయంధరుడు తుషారవల్లికి మాట ఇచ్చాడు. తల్లి అక్షింతలు వేయనిదే ఆ పెళ్లి జరగదు, గొర్రె అక్షింతలు వేయలేదు. అతని ప్రయాణమంతా ఈ చిక్కు మీదే నడుస్తోంది.

దారిలో ఒక మునిని మొసలి మింగితే, జయంధరుడు దాని నోట్లోకి దూరి ఆయన్ను జపమాలతో సహా బయటికి లాగాడు. అందుకు ముని ఇచ్చిన బహుమానమే ఆ మాయ కదురు. దాన్ని ఉన్నికి తాకిస్తే దారం దానంతటదే వడుకుకుంటూ వస్తుంది, వెనక్కి తిప్పితే దానంతటదే చుట్టుకుంటుంది. గడ్డం మాత్రం మేకవెంట్రుకలది. గాలికి ఎగిరిపోతుందేమోనన్న భయంతో దాన్ని తుమ్మజిగురుతో అంటించుకున్నాడు. ఉక్క దేశపువాడికి చలిలో జిగురు ఎలా బిగుస్తుందో తెలియదు పాపం. అది రాయిలా బిగిసి కూర్చుంది.

జయంధరుడు మాంత్రికుడి చెవి దగ్గరికి పోయి, గుహ అదిరేట్టు అరిచి, తనకు కుట్టులేని అంగీ విద్య వచ్చని విన్నవించుకున్నాడు. కంపదంష్ట్రుడు సంతోషించి షరతు చెప్పాడు. పొయ్యిలో ఇప్పుడే పెట్టిన మొద్దు కాలి బూడిదయ్యేలోగా అంగీ పూర్తి కావాలి. తాను ఒళ్లు పెంచి చూస్తాడు. చిరగకపోతే మందలోంచి కోరుకున్న గొర్రెను మళ్లీ మనిషిని చేస్తాడు. చిరిగితే మందలో మరొకటి పెరుగుతుంది.

ఉన్ని కోసమని జయంధరుడు మందలోకి నడిచాడు. అన్నిటిలోకీ బలిసిన తెల్లగొర్రె ఒకటి అతని ముందుకు వచ్చి, మూతి ఎత్తి, గడ్డాన్ని వాసన చూసింది.

"ఒరే పల్లపు దేశపోడా, ఇది నీ గడ్డమా, మేకదా?"

"మెల్లిగా, అత్తయ్యా."

"ఎవరికిరా అత్తయ్యను? మా అమ్మాయిని నీకిస్తానని నేనెప్పుడైనా అన్నానా?"

తాను ఆమెను విడిపించడానికి వచ్చానని అతను చెప్పుకున్నాడు. సూది ఏ చివర పట్టుకోవాలో తెలుసా అని ఆమె అడిగింది. తెలియదని ఒప్పుకోక తప్పలేదు. ధవళాంబ మంచులో కూలబడి, తన జాతకాన్ని కాసేపు తిట్టుకుని, తర్వాత లేచి పొయ్యి దగ్గరికి నడిచింది. రాణి గనక ముందు నడిచింది, యువరాజు వెనక నడిచాడు. చూసేవాళ్లకు గొర్రె మనిషిని తోలుకుపోతున్నట్టుంది.

అల్లిక మొదలైంది. కదురు ధవళాంబ తోక దగ్గర ఉన్నికి ఆనుకుని గిర్రున తిరుగుతూ, వెన్నపూసలాంటి దారాన్ని వడికి ఇస్తోంది. ఆమె మాంత్రికుడి పాదాల పక్కనే పడుకుని, వాడి చెవుల్లో దూది ఉందన్న ధైర్యంతో పాఠం చెబుతోంది. ముందు మెడ చుట్టూ సూదుల మీద దారపు ఉచ్చులు, అంటే కన్నులు, ఎక్కించమంది. జయంధరుడు కత్తి పట్టినట్టు సూది పట్టి మొదటి కన్ను వేశాడు. అది కన్నులా లేదు, ఉరితాడులా ఉంది. వదులు చేయమంది. వదులు చేస్తే అందులోంచి పిల్లి దూరేట్టుంది. ఆమె తిట్టిన తిట్లలో కొన్ని చలిమల రాజభాషలో ఉండడం వల్ల అతనికి అర్థం కాలేదు. అదే అతని అదృష్టం.

మూడు నాలుగు చుట్లు తిరిగేసరికి చేతికి దారి దొరికింది. పైనుంచి కిందికి అల్లడంలో సుఖమేమిటంటే, వేసుకునేవాడి ఒంటి మీదే పెంచుకుంటూ పోవచ్చు. భుజాల దగ్గర నాలుగు వైపులా కన్నులు పెంచితే అంగీ గొడుగులా విచ్చుకుంటుంది. చాలకపోతే ఇంకో చుట్టు, ఎక్కువైతే విప్పడం. కొలతలు లేవు, కత్తిరింపులు లేవు. ధవళాంబ అతని చెవి దగ్గరకు మూతి తెచ్చి, అసలు ఉపాయం అప్పుడు చెప్పింది. ఈ దొంగవాడు ఇచ్చిన మాట నిలబెట్టుకునే రకం కాదు. వాణ్ని కట్టిపడేయాలి, కట్టి, వాడు నిద్రలో కలవరించే ఆ పగడపు భరిణ ఎక్కడుందో చెప్పించి, దాన్ని చల్లార్చాలి. సాదా అల్లిక లాగితే సాగుతుంది. జడ అల్లిక సాగదు, అది తాడు. ఒళ్లంతా సందు లేకుండా జడలు వేస్తే, వాడు ఎంత పొంగినా ఆ అంగీలోనే పొంగాలి.

జడ వేయడమెలాగో జయంధరుడికి ఎంతకీ తలకెక్కలేదు. కొన్ని కన్నులను పొట్టి సూదికి ఎక్కించి పక్కన పెట్టాలి, వాటి తర్వాతి కన్నులను ముందు అల్లాలి, ఆపైన పక్కన పెట్టినవాటిని తెచ్చి వాటి మీదుగా దాటించాలి. ఎప్పుడూ కుడికే దాటించాలి. ఆమె విసిగి వేసారి, మా అమ్మాయి జడనైనా ఎప్పుడైనా చూశావా అని అడిగింది.

"సభలో ఉన్నంతసేపూ నేను చూసింది అదొక్కటే," అన్నాడు జయంధరుడు.

అంతే, ఆ తర్వాత చేయి ఆగలేదు. కళ్లు మూసుకుని తుషారవల్లి వీపు తలుచుకుంటూ పాయ మీద పాయ వేసుకుపోయాడు. జడలు సెలయేళ్లలా జారాయి, పాముల పెనవేతల్లా మెలిదిరిగాయి, గుడి స్తంభాల మీది లతల్లా అల్లుకున్నాయి. ధవళాంబ అది చూసి ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడాన్ని చలిమలలో బిరుదు కింద లెక్కవేస్తారు. ఒంటికి ఇన్ని జడలెందుకని మాంత్రికుడు అడిగితే, జయంధరుడు వాడి చెవిలోకి, ఒక్క జడ గ్రామాధికారికి, రెండు సామంతుడికి, సందు లేకుండా జడలుంటే చక్రవర్తికి అని అరిచాడు. వాడు పొంగిపోయాడు. కోపంతో పొంగడం కాదు గనక ఒళ్లు పెరగలేదు.

సరిగ్గా ఛాతీ మధ్య జడ దాటించేటప్పుడు కంపదంష్ట్రుడికి తుమ్ము వచ్చింది. కొండ చరియ ఒకటి విరిగి పడింది, జయంధరుడి చేతిలో పాయ కుడికి పోబోయి ఎడమకి పోయింది. అతను ఓరకంట చూశాడు. తుమ్ము తుంపర్లు పడ్డాయని ధవళాంబ మొహం పక్కకు తిప్పుకుని చీదరించుకుంటోంది. జయంధరుడు గొంతు సవరించుకుని, ఏమీ ఎరగనట్టు తర్వాతి చుట్టు అందుకున్నాడు.

నడుం దాకా వచ్చాక ఆమె తల పైకెత్తి మాంత్రికుణ్ని కింద నుంచి పైదాకా చూసింది. చూసి, "చేతులేవిరా?" అంది.

చేతులు లేవు. భుజాలు దిగాక చంకల దగ్గర రెండు పక్కలా కొన్ని కన్నులను విడిగా తాడు మీద నిలిపి ఉంచి, తర్వాత వాటి నుంచి చేతులు అల్లాలి. చలిమలలో పాలుతాగే పిల్లకు కూడా తెలిసిన సంగతి అది. పైబట్టే ఎరగని దేశంలో పుట్టినవాడికి అంగీకి చేతులుంటాయన్న ధ్యాసే రాలేదు. మాంత్రికుడు చలికి ఛాతీ మీద ముడుచుకున్న చేతులను అలాగే ఒంటికి ఆనించేసి, మీదుగా గోతాంలా చుట్టేసుకుంటూ వచ్చాడు. ధవళాంబ నెత్తి కొట్టుకుందామంటే గొర్రెకు కాలు నెత్తిదాకా రాదు. అంతలో ఆమెకు వెలిగింది. మంత్రం పారాలంటే వాడు రెండు చేతులూ చాచి సుడి తిప్పాలి. ఆ చేతులు ఇప్పుడు జడల కింద ఉన్నాయి.

"నోరు మూసుకుని అలాగే కానీ," అంది. "నీ తెలివితక్కువతనం ఇంత పనికొస్తుందని నేను అనుకోలేదు."

కానీ మాంత్రికుడికీ అప్పుడే సందేహం వచ్చింది. "ముసలోడా, నా చేతులు బయటికెట్లా వస్తయి?"

"చేతులు బయట ఉండేది పని చేసుకునేవాళ్లకు, ప్రభూ. మీకేం ఖర్మ?" అని జయంధరుడు వాడి చెవిలోకి అరిచాడు.

వాడు ఆలోచించాడు. చేతులు లోపల వెచ్చగా ఉన్నాయి. తనకు పనేమీ లేదన్న మాట కూడా నిజమే. ఇన్నాళ్లూ చేతులు బయట పెట్టుకుని కూలివాడిలా బతికినందుకు సిగ్గుపడి, ముక్కు తుడవమని జయంధరుడికి ఆజ్ఞాపించాడు.

మొద్దు సగానికి పైగా కాలిపోయింది. ఇంకా చివరి చుట్లు మిగిలాయి, ఉన్ని మాత్రం మిగల్లేదు. మహారాణి తోక మొదలు భుజాల దాకా ఉల్లిపాయలా తెల్లగా బయటపడింది. మెడ చుట్టూ ఒక్క కుచ్చు ఉంది. కదురు అటు జరగబోతే ఆమె పళ్లు చూపించింది. తాను రాణిననీ, కిరీటం పోయింది, చీర పోయింది, ఒంటి మీద ఉన్నీ పోయింది, ఆ మెడ మీది కుచ్చొక్కటే పరువుగా మిగిలిందనీ, దాని జోలికి వస్తే వేళ్లు ఉండవనీ చెప్పింది. మందలో ఇంకో గొర్రెను తెద్దామంటే, దారం తెంపి ముడి వేయాలి. అదసలే కుదరదంది. చలిమలలో ఒక అంగీకి ఒకటే దారం. మొదటి కన్ను నుంచి ఆఖరి కన్ను మూసేదాకా దాన్ని తెంపినవాడి ఇల్లు నిలబడదని వాళ్ల నమ్మకం. ఉన్న దారం చివరికే మరో పోగు కలిపి వడకవచ్చు గానీ, తెంపడం మాత్రం లేదు.

ఇక మిగిలింది గడ్డం. జయంధరుడు గుండె రాయి చేసుకుని కదురును చుబుకానికి ఆనించాడు. అది ఉన్ని దారం చివరకు మేకవెంట్రుకలు కలుపుకుని గిర్రున తిరిగింది. చుట్టు పెరిగిన కొద్దీ గడ్డం తరిగింది. నాభి దగ్గరున్నది రొమ్ముకు ఎక్కింది, రొమ్ము మీద నుంచి గొంతుకకు ఎక్కింది.

కంపదంష్ట్రుడు కళ్లు చికిలించాడు. "నీ గడ్డం ఇందాక పొడుగ్గా లేదూ?"

చలికి ముడుచుకుందని జయంధరుడు అరిచాడు. చలి సంగతి బాగా తెలిసినవాడు గనక మాంత్రికుడు జాలిపడి తలూపాడు. మొద్దు ఎర్రని కణికలుగా రాలింది. తొడల మీదికి దిగిన అంచు చుట్టూ కన్నులన్నీ సూదుల మీద ఉన్నాయి. వాటిని ఒకదాన్లోంచి ఒకటి లాగి మూసేస్తే అంగీ పూర్తి. జయంధరుడు కదురును నడికట్టులో దోపుకుని, మొదటి కన్ను మూయడానికి వంగాడు. పొయ్యి వెలుగు సూటిగా అతని మొహం మీద పడింది. మాంత్రికుడికి గడ్డం బదులు నున్నని పడుచు చుబుకం, దాని మీద ఎండిన జిగురు, జిగురులోంచి బయలుదేరి తన అంగీ అంచు దాకా వచ్చిన ఒక దారం కనబడ్డాయి.

వాడికి కోపం వచ్చింది.

ఒళ్లు పొంగింది. జడలు బిర్రుమన్నాయి. పర్రుమనడానికి ఎక్కడా కుట్టు లేదు. పొంగు ఛాతీలో పెరగలేక పైకి తన్నింది, తల గుమ్మడిపండంత అయింది. కిందికి తన్నింది, పాదాలు తిరగళ్లంత అయ్యాయి. నడిమిభాగం మాత్రం కొబ్బరితాడుతో చుట్టిన బొంగరంలా బిగిసిపోయింది. చేతులు ఎత్తబోయాడు, జడలు ఎత్తనివ్వలేదు. మంత్రం పూర్తిగా చదివాడు, సుడి లేని మంత్రం వట్టి ఆవిరిలా నోట్లోంచి పోయింది. బయట మంద మొత్తం ఒక్కసారి మే అంది. అందులో దర్జీలందరి పగా ఉంది, ఇంత గట్టి అంగీని తాము కుట్టలేకపోయామే అన్న అసూయా ఉంది.

భరిణ ఎక్కడుందో చెప్పమని జయంధరుడు వాడి పాదం మీద ఎక్కి నిలదీశాడు. వాడు చెప్పలేదు. పెదాలు బిగించి సన్నగా ఈల వేశాడు. పొగ పోయే కంతలోంచి రాకాసి గుడ్లగూబ దిగి, వాణ్ని మెడపట్టె దగ్గర గోళ్లతో పట్టుకుంది. జయంధరుడికి విషయం తెలిసిపోయింది. వాడు భరిణ దాచిన చోటికే పోతున్నాడు, ఒంటి వేడిని మళ్లీ ఒంట్లోకి తీసుకుంటే ఉన్ని అంగీ భగ్గుమని కాలిపోతుంది. అతను ముందు తన చుబుకానికీ అంగీకీ మధ్యనున్న దారం తెంపుకోవాలని నడుంలోంచి చురకత్తి తీశాడు.

"ఆఖరి కన్ను మూయలేదు," అంది ధవళాంబ అతని చేతికి అడ్డుపడి.

"మూసేంత వ్యవధి ఏదీ, మహారాణీ?"

"వ్యవధి లేకపోతే త్వరగా మూయి. తెంపడం మాత్రం లేదు."

ఇలా వీళ్లిద్దరూ పెళ్లివారి విడిదిలో వియ్యంకుల్లా వాదించుకుంటూ ఉండగానే గుడ్లగూబ లేచింది. సూదులు కన్నుల్లోంచి జారి కింద పడ్డాయి, జయంధరుడు వాటిని అందుకుని తలపాగాలో గుచ్చుకున్నాడు. దారం బిగిసింది, చుబుకం కదిలింది, చుబుకంతో పాటు యువరాజూ లేచాడు. ఇతను పోతే తన గతేమిటని ధవళాంబ ఎగిరి అతని నడికట్టును పళ్లతో పట్టుకుంది. పొగకంతలోంచి ముందు గుడ్లగూబ, దాని గోళ్లకు మాంత్రికుడు, మాంత్రికుడి అంగీ అంచుకు దారం, దారానికి గడ్డంతో వేలాడే యువరాజు, యువరాజు నడుముకు ఉన్ని లేని మహారాణి, ఇలా ఒక ఊరేగింపు ఆకాశంలోకి వెళ్లింది. మంత్రం మూయలేకపోయిన మహారాణి నోరు నడికట్టు వల్ల మూతపడింది. నమ్మని వాళ్లను నేను నమ్మమనను.

కింద లోయలు తెల్లకలువలు పరిచినట్టున్నాయి. శిఖరాల అంచుల మీద సాయంకాలపు ఎండ కుంకుమ చల్లినట్టుంది. చూడడానికి ఎవరికీ తీరిక లేదు. ఎందుకంటే పైనుంచి కిందికి అల్లిన అంగీ కింది నుంచి పైకి విడుతుంది. ఇద్దరి బరువుకు అంచు దగ్గర కన్నులు సర్రు సర్రుమని విడిపోతున్నాయి. తొడల దగ్గరి చుట్లు పోయాయి, నడుం దగ్గరి జడలు విప్పుకుంటున్నాయి. దారం పొడుగవుతున్న కొద్దీ వీళ్లిద్దరూ కిందికి కిందికి జారుతున్నారు. దేవదారు చెట్ల కొసలు ధవళాంబ పొట్టకు తగలడం మొదలైంది. ఇంకా కాసేపు పోతే మాంత్రికుడి చేతులు బయటపడతాయి.

జయంధరుడు కిందికి చూశాడు. ఒక మెత్తని మంచువాలు దగ్గరపడుతోంది. దారం తెంపితే ఇద్దరూ దాని మీద క్షేమంగా పడతారు, మాంత్రికుడు మిగిలిన జడల్లో బందీగానే పోతాడు. అయితే భరిణ జాడ ఇక దొరకదు, మహారాణి మనిషి కాదు. అతను కత్తి ఎత్తి, గాలి మీద గొంతెత్తి చెప్పాడు. "మీరు గొర్రెగా ఉన్నా సరే, బతికి ఉంటే తుషారవల్లికి అమ్మ ఉంటుంది. పెళ్లి లేకపోతే లేకపోయింది. తెంపేస్తున్నాను, మహారాణీ, గట్టిగా పట్టుకోండి."

ధవళాంబ తల అడ్డంగా ఊపింది. అతనికి కనబడలేదు. కాలితో తన్నింది, గాలి అనుకున్నాడు. కత్తి దారానికి తగిలింది. ఇక ఆమె నోరు తెరిచింది.

"జయంధరా, తెంపకు."

అతని పేరు ఆమె నోట రావడం అదే మొదలు. ఆ పేరు ముగిసేసరికి ఆమె నడికట్టు వదిలి గాలిలో ఉంది.

జయంధరుడు కత్తి విసిరేసి తలకిందులుగా వంగి చేయి చాచాడు. నున్నని వీపు మీద చేయి జారింది, నున్నని భుజం మీద జారింది, ఆఖరికి గుప్పెట నిండా ఉన్ని దొరికింది. మెడ మీద పరువు కోసం దాచుకున్న కుచ్చు అది. ఆమెను ఒక్క గుంజుతో పైకి లాగి భుజం మీద వేసుకున్నాడు. తర్వాత ఆమె, కదురు నడుంలో పెట్టుకుని వేలాడతావేంరా, వెనక్కి తిప్పు అంది.

అతను కదురును వెనక్కి తిప్పాడు. అది దారాన్ని గిరగిరా చుట్టుకుంటూ, బావిలోంచి చేదను లాగినట్టు ఇద్దరినీ పైకి లాగింది. పైన కన్నులు విడిపోతున్నాయి, కింద కదురు చుట్టుకుంటోంది. ఏది ముందని పందెం. వాళ్లు అంచు దగ్గరికి చేరేసరికి ఆ అంచు మాంత్రికుడి మోచేతుల మీదికి వచ్చేసింది. జయంధరుడు తలపాగాలోంచి సూదులు తీసి, ఒక్క ఊపులో కన్నులన్నిటినీ ఎక్కించి ఆపాడు. విడిపోవడం ఆగింది. ఎదురుగా రెండు కొండల నడుమ ఒక బిలం, బిలం లోపల కుంపటిలో నిప్పులా పగడపు కాంతి కనబడింది. గుడ్లగూబ దాని వైపే రెక్కలు ముడిచి దిగుతోంది.

సరిగ్గా అప్పుడు అంచు కిందనుంచి మాంత్రికుడి కుడిచేయి జారి బయటపడింది. ఆ చేయి వేళ్లు విదిలించుకుని గాలిలో సగం సుడి తిప్పింది. ఎడమచేయి జడల కింద ఎలుకలా దారి వెతుక్కుంటోంది. అల్లు, ఇంకో రెండు చుట్లు అల్లి దాన్ని లోపలికి తోసేయి అని ధవళాంబ చెబుతుందని జయంధరుడు చెవి ఒగ్గాడు.

ఆమె మాంత్రికుడి ఛాతీ దగ్గరకు మూతి పెట్టి ఏదో పరీక్షగా చూస్తోంది.

"ఈ జడ ఎడమకి దాటింది," అంది.

"మహారాణీ, ఇప్పుడా?"

"తప్పు కంటబడ్డాక దాని కింద ఇంకో చుట్టు అల్లడం మా వంశంలో లేదు. అక్కడి దాకా విప్పి, మళ్లీ అల్లు."

జయంధరుడు గాలిలో తిరుగుతున్న ఆ చేతి వంక చూశాడు. భుజం మీది అత్తగారి వంక చూశాడు. రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదమో తేల్చుకోవడానికి అతనికి ఆట్టే సేపు పట్టలేదు.

సూది బయటికి లాగాడు.